తాళం వేయని తుపాకి

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న పట్టణం ఉంది. 2021 నవంబరు 26న అక్కడ ఒక తండ్రి తన 15 ఏళ్ల కుమారుణ్ని వెంటబెట్టుకొని దుకాణానికి వెళ్లి పిస్తోలు కొన్నాడు. మరునాడు తల్లి ఆ పిల్లవాణ్ని గురిచూసి కాల్చడం సాధన చేసే చోటికి తీసుకువెళ్లింది. నవంబరు 30 ఉదయం అతడు లెక్కల కాగితం మీద తుపాకి బొమ్మ, నెత్తురోడుతున్న మనిషి బొమ్మ గీసి, తనకు సహాయం కావాలన్న అర్థం వచ్చే మాటలు రాయడం ఉపాధ్యాయుల కంటబడింది. పాఠశాలవారు తల్లిదండ్రులను పిలిపించారు. కుమారుణ్ని ఇంటికి తీసుకువెళ్లడానికి వారు ఒప్పుకోలేదు, తమ పనులకు తాము వెళ్లిపోయారు. ఇంట్లో కొత్తగా తుపాకి వచ్చిందన్న మాట వారు చెప్పలేదు. పిల్లవాడి సంచిని ఎవరూ తెరచి చూడలేదు. తుపాకి ఆ సంచిలోనే ఉంది. ఆ మధ్యాహ్నం జరిగిన కాల్పుల వల్ల నలుగురు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు, మరో ఏడుగురు గాయపడ్డారు.

2024లో ఆ తల్లిని, తండ్రిని వేర్వేరుగా విచారించిన న్యాయస్థానం ఇద్దరికీ కనీసం 10, గరిష్ఠంగా 15 సంవత్సరాల కారాగార శిక్ష విధించింది. పాఠశాలలో సామూహిక కాల్పులు జరిపిన బాలుడి తల్లిదండ్రులను నరహత్య నేరం కింద దోషులుగా తేల్చడం ఆ దేశంలో అదే మొదటిసారి. విచారణలో బయటపడిన ఒక చిన్న విషయం మాత్రం మనసులో ముల్లులా నిలిచిపోతుంది. తుపాకికి బిగించవలసిన కేబుల్ తాళం విప్పని కవరులో అలాగే ఉండిపోయింది. దాన్ని బిగించడం క్షణాల్లో అయ్యే పని.

అమెరికాలో తుపాకుల వాడకాన్ని కట్టడి చేయాలా వద్దా అన్న వాదోపవాదాలు మన దాకా సాధారణంగా పెద్ద పెద్ద మారణకాండల వార్తలతో పాటే వస్తాయి. ఎక్కడో బడిలో, బజారులో, ప్రార్థనా స్థలంలో ఒకడు విచక్షణారహితంగా కాల్చాడని, అధ్యక్షుడు సంతాపం ప్రకటించాడని, కొవ్వొత్తులు వెలిగించారని చదువుతాం. వారం తిరక్కుండా మరచిపోతాం. కాని ఈ సమస్య మూలం వీధిలో కంటే ఇంట్లోనే ఎక్కువగా ఉంది. బిడ్డను అమెరికాకు పంపిన ప్రతి తెలుగు కుటుంబమూ, అక్కడే స్థిరపడి పిల్లలను పెంచుతున్న ప్రతి కుటుంబమూ దీన్ని ఇంటి వైపు నుంచే అర్థం చేసుకోవలసి ఉంది.

ముందుగా కొన్ని లెక్కలు చూద్దాం. అమెరికాలో సాధారణ పౌరుల చేతుల్లో ఉన్న తుపాకులు 39 కోట్లకు పైబడి ఉంటాయని 2018లో వెలువడిన ఒక అంతర్జాతీయ అంచనా. ఆ దేశ జనాభా సుమారు 34 కోట్లు. అంటే మనుషుల కంటే తుపాకులే ఎక్కువ. ప్రతి 10 ఇళ్లలో నాలుగింట తుపాకి ఉంది. 2023లో అక్కడ తుపాకి గుండుకు బలైనవారు 46,700 మందికి పైగా. ఇందులో హత్యకు గురైనవారు సుమారు 18 వేలు. మరి తక్కినవారు? 27 వేలకు పైగా మనుషులు ఆ తుపాకిని తమ మీదికే తిప్పుకొన్నారు. వార్తల్లో మనం చూసే సామూహిక హత్యాకాండల వాటా ఈ మొత్తంలో చాలా స్వల్పం. ప్రతి సంవత్సరం తుపాకి చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. అవి ఎక్కువగా ఇంటి నాలుగు గోడల మధ్య, చప్పుడు పక్కింటికి మాత్రమే వినిపించేలా జరిగిపోతాయి. వాటికి కొవ్వొత్తులు ఉండవు.

ఇక్కడ వైద్యులు చెప్పే ఒక మాటను తల్లిదండ్రులు శ్రద్ధగా వినాలి. ఆత్మహత్య ఆలోచన చాలామందికి ఒక ఉప్పెనలా వస్తుంది, కొద్దిసేపట్లో తగ్గిపోతుంది. ఆ కాసేపట్లో చేతికి ఏది అందిందన్న దాని మీదే బతుకు ఆధారపడి ఉంటుంది. మాత్రలు మింగినవారిలో అత్యధికులు బతికి బయటపడతారు. తుపాకి పేల్చుకున్నవారిలో 10 మందికి దాదాపు తొమ్మిదిమంది చనిపోతారు. ప్రాణాలతో బయటపడ్డవారిలో ఎక్కువమంది ఆ తరువాత ఆ దారి తొక్కరు. కనుక పరీక్షలో తప్పిన కుర్రవాడికి, ఉద్యోగం పోయిన తండ్రికి ఆ రాత్రి అలమరలోని తుపాకి అందకుండా ఉంటే, తెల్లవారేసరికి అతడు బతికి ఉండే అవకాశం ఎంతో ఎక్కువ. ఒక ఏడాది నుంచి 19 ఏళ్ల లోపు పిల్లల మరణాల్లో 2020 నుంచి తుపాకి మొదటి స్థానంలోకి వచ్చింది. అంతకుముందు ఆ స్థానం రోడ్డు ప్రమాదాలది.

మరి అంత ప్రమాదమైన వస్తువును మనిషి ఇంట్లోకి ఎందుకు తెచ్చుకుంటాడు? భయం వల్ల. ఒకప్పుడు తుపాకి ఎందుకని అడిగితే వేటకని చెప్పేవారే ఎక్కువ. 2023లో జరిగిన ఒక సర్వేలో తుపాకి యజమానుల్లో నూటికి 72 మంది ఆత్మరక్షణే ప్రధాన కారణాల్లో ఒకటని చెప్పారు. కరోనా కాలంలో, నిరసనలతో నగరాలు అట్టుడికిన 2020లో, తుపాకుల కొనుగోళ్లకు సంబంధించి నడిచే ప్రభుత్వ తనిఖీలు ఒక్క ఏడాదిలోనే 3 కోట్ల 90 లక్షలు దాటాయి. భార్యాబిడ్డలను కాపాడుకోవాలన్న తపనతోనే తండ్రి తుపాకి కొంటున్నాడు. ఆ తపనను హేళన చేయడం సులభం. కాని పొలాల నడుమ ఒంటరి ఇల్లు, పోలీసులు రావడానికి అరగంటకు పైగా పట్టే పల్లె, పక్కన మరో ఇల్లు కనిపించని రాత్రి ఊహించుకుంటే ఆ భయం అర్థమవుతుంది. అయితే తుపాకి ఉన్న ఇంట్లో హత్య గాని ఆత్మహత్య గాని జరిగే అవకాశం, తుపాకి లేని ఇంటికంటే ఎక్కువని 1990ల నుంచి వెలువడిన పరిశోధనలు చెబుతూ వచ్చాయి. దొంగ కోసం తెచ్చిన ఆయుధం ఎక్కువసార్లు ఇంటివారికే తగులుతున్నది.

మన దేశంలో తుపాకి కావాలంటే 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు పొందాలి, ఎందుకు కావాలో అధికారికి చెప్పుకోవాలి. మనకు అది అనుమతి. అమెరికావాసికి అది హక్కు. తేడా అంతా అక్కడే ఉంది. 1791లో వారి రాజ్యాంగానికి చేర్చిన రెండవ సవరణలో ఉన్నవి 27 ఆంగ్ల పదాలు. మొదటి సగం, స్వతంత్ర రాజ్య భద్రతకు క్రమశిక్షణ గల పౌరసేన అవసరమంటుంది. రెండవ సగం, ఆయుధాలు కలిగి ఉండే ప్రజల హక్కుకు భంగం కలగరాదంటుంది. ఈ హక్కు పౌరసేనకా, ప్రతి వ్యక్తికా? రెండు శతాబ్దాలకు పైగా ఈ ప్రశ్నకు స్పష్టమైన తీర్పు రాలేదు. వ్యక్తిగత హక్కన్న వ్యాఖ్యానం ప్రజలను మోసగించడమేనని, ఆ దేశ ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన వారెన్ బర్గర్ 1991లో బహిరంగంగా విమర్శించారు. ఆయన ఉదారవాది కాదు, రిపబ్లికన్ అధ్యక్షుడు నిక్సన్ నియమించిన వ్యక్తి. ఆ మాట అన్న 17 ఏళ్లకు, 2008లో, సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ఆధిక్యంతో అది వ్యక్తిగత హక్కేనని తేల్చింది. ఇంటిలో ఆత్మరక్షణ కోసం పిస్తోలు ఉంచుకునే హక్కు గురించే ఆ కేసు.

ఇంతకూ ఈ హక్కు కోసం నేడు గొంతెత్తే జాతీయ రైఫిల్ సంఘం 1871లో పుట్టినప్పుడు సైనికులకు గురి నేర్పడమే దాని పని. 1963లో అధ్యక్షుడు కెనడీని చంపిన రైఫిలు ఒక పత్రిక ప్రకటన చూసి టపా ద్వారా తెప్పించుకున్నది. ఆ దరిమిలా టపా అమ్మకాలను నిషేధించాలన్న ప్రతిపాదనను ఆ సంఘం అధికారే సమర్థించాడు. 1968లో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనడీ హత్యలు జరిగాక ఆ నిషేధం చట్టమయింది. 1977లో సిన్సినాటిలో జరిగిన వార్షిక సమావేశంలో కఠినవాదులు సంఘం పగ్గాలు చేజిక్కించుకున్నారు. అప్పటి నుంచి అది వేటగాళ్ల సంఘం కాదు, ఎన్నికల్లో అభ్యర్థుల తలరాతలు రాసే శక్తి.

నియంత్రణ కోరేవారంతా మంచివారు, వ్యతిరేకించేవారంతా దుష్టులు అని అనుకుంటే ఈ చరిత్ర అర్థం కాదు. బానిసత్వం రద్దయిన తరువాత దక్షిణాది రాష్ట్రాలు చేసిన తొలి పనుల్లో ఒకటి నల్లజాతివారి చేతుల్లోంచి తుపాకులు లాక్కోవడం. 1956లో తన ఇంటి మీద బాంబు పడ్డాక మార్టిన్ లూథర్ కింగ్ తుపాకి అనుమతి కోసం అలబామాలో దరఖాస్తు చేసుకుంటే అధికారులు తిరస్కరించారు. అహింసామూర్తిగా లోకం కొలిచే మనిషి కూడా భార్యాబిడ్డల కోసం ఆ దరఖాస్తు రాశాడు. 1967లో నల్లజాతి యువకులు తుపాకులు పట్టుకొని కాలిఫోర్నియా శాసనసభా భవనంలోకి నడిచి వచ్చినప్పుడు, వీధుల్లో బాహాటంగా నిండు తుపాకులు ధరించడాన్ని నిషేధిస్తూ వెంటనే చట్టం వచ్చింది. దానిమీద సంతకం చేసిన గవర్నరు రొనాల్డ్ రీగన్. తుపాకి హక్కులకు పెద్ద అండగా తరువాత పేరు పొందిన రీగనే. చట్టం ఎవరి చేతిలోని ఆయుధాన్ని చూసి భయపడుతుందన్నది కూడా ఈ చర్చలో ఒక భాగమే.

ఈ మాట అమెరికా ముస్లిములకు బాగా తెలుసు. 2015 డిసెంబరులో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో ముస్లిం దంపతులు 14 మందిని కాల్చి చంపారు. మరుసటి సంవత్సరం జూనులో ఓర్లాండోలో మరో ముస్లిం 49 మందిని చంపాడు. ఈ దుర్మార్గాలను ఏ సందర్భమూ తేలిక చేయదు. ఆ తరువాత సెనెట్ ముందుకు వచ్చిన ప్రతిపాదన ఏమిటంటే, ఉగ్రవాద అనుమానితుల జాబితాలో పేరున్నవారికి తుపాకి అమ్మరాదన్నది. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. కాని ఆ జాబితాలో పేరు ఎందుకు చేరిందో పౌరుడికి చెప్పరు, తీసివేయించుకునే దారి సరిగా లేదు. విమానాశ్రయాల్లో అకారణంగా నిలిపివేతకు గురైన ముస్లిములు దాని మీద న్యాయస్థానాలకెక్కారు. పౌరహక్కుల సంఘంగా ప్రసిద్ధి చెందిన ఏసీఎల్‌యూ సైతం ఆ జాబితాను ఆధారం చేసుకోవడాన్ని వ్యతిరేకించింది. ప్రతిపాదన వీగిపోయింది. తుపాకుల కట్టడి కావాలి, కాని ఆ కట్టడి పేరిట నిరపరాధుల మీద ముద్ర పడకూడదు. ఈ రెండు మాటలూ ఒకే నోటితో అనవలసిన స్థితి అక్కడి ముస్లిం కుటుంబాలది.

అదే సమయంలో వారు తుపాకికి బలవుతున్నవారు కూడా. 2015 ఫిబ్రవరిలో ఉత్తర కరోలినాలోని చాపెల్ హిల్‌లో కొత్తగా పెళ్లయిన దంతవైద్య విద్యార్థిని, అతని భార్యను, ఆమె చెల్లెలిని పొరుగువాడు వారి ఇంట్లోనే కాల్చి చంపాడు. కారు నిలిపే చోటు గురించిన తగాదా అన్నారు, మతద్వేషమేనని కుటుంబాలు కన్నీళ్లతో చెప్పాయి. హంతకుడి ఇంట్లో పోలీసులకు డజనుకు పైగా తుపాకులు దొరికాయి, తుపాకి వెంట ఉంచుకునే అనుమతీ అతనికి ఉంది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలో హైదరాబాదుతో అనుబంధమున్న తెలుగు ఇంజనీరును, మా దేశం విడిచి పొమ్మని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. తాను ఇరాన్‌వాళ్లను చంపానని ఆ తరువాత చెప్పుకున్నాడు. ముస్లిములపై పెంచుకున్న ద్వేషం ఒక హిందూ యువకుడి ప్రాణం తీసింది. గుండుకు కులమతాలు తెలియవనడం పాతమాటే, దాన్ని పేల్చేవాడికి కూడా తెలియవని ఆ రోజు రుజువయింది.

ఫలితంగా అక్కడి కొన్ని మస్జిదుల్లో జుమా వేళ సాయుధ కాపలా పెట్టుకున్నారు. కమిటీ సమావేశాల్లో ఈ చర్చ సాగుతూనే ఉంటుంది. ద్వారం దగ్గర తుపాకి కనిపిస్తే నమాజుకు వచ్చే పిల్లలు ఏమనుకుంటారని కొందరు, ద్వారం దాటి హంతకుడు వస్తే ఆ పిల్లలకు ఎవరు దిక్కని మరికొందరు. రెండువైపులా నిలబడ్డవారు తల్లిదండ్రులే.

చట్టసభల్లో జరిగిందేమిటో క్లుప్తంగా చూద్దాం. రీగన్ మీద 1981లో జరిగిన హత్యాయత్నంలో ఆయన పత్రికా కార్యదర్శి జేమ్స్ బ్రాడీ శాశ్వతంగా వికలాంగుడయ్యాడు. ఆయన పేరిట 1993లో వచ్చిన చట్టం, లైసెన్సు ఉన్న వ్యాపారి దగ్గర తుపాకి కొనే ప్రతివాడి పూర్వాపరాలు తనిఖీ చేయాలన్నది. వ్యాపారి కాని మనిషి మరో మనిషికి అమ్ముకుంటే చాలా రాష్ట్రాల్లో ఆ తనిఖీ లేదు. ఆ కంత నేటికీ పూడలేదు. 1994లో యుద్ధరంగంలో వాడే తరహా తుపాకులపై పదేళ్ల నిషేధం వచ్చింది, 2004లో గడువు ముగిసింది, మళ్లీ రాలేదు. 1996లో కాంగ్రెసు ఇంకో విచిత్రమైన పని చేసింది. తుపాకి మరణాల మీద పరిశోధన చేసే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ, తుపాకి నియంత్రణను ప్రోత్సహించేందుకు డబ్బు ఖర్చు చేయరాదని ఆంక్ష పెట్టింది. శాస్త్రజ్ఞులు భయపడి ఆ విషయం జోలికే వెళ్లలేదు. దాదాపు రెండు దశాబ్దాలకు పైగా రోడ్డు ప్రమాదాల మీద, కేన్సరు మీద పరిశోధన సాగింది గాని తుపాకి మీద సాగలేదు. ఆ ఆంక్షకు కారకుడైన జే డికీ అనే శాసనకర్తే ముదిమిలో దానికి పశ్చాత్తాపపడ్డాడు.

2012 డిసెంబరు 14న కనెక్టికట్‌లోని శాండీ హుక్ పాఠశాలలో ఆరేడేళ్ల చిన్నారులు 20 మంది, పెద్దలు ఆరుగురు బలయ్యారు. హంతకుడు వాడిన తుపాకులు అతని తల్లివి. ఆ ఉదయం అతడు ముందు చంపింది ఆ తల్లినే. ఆమె కొడుకుకు తుపాకి విద్య నేర్పించింది, అతనితో అనుబంధం పెంచుకునే సాధనమనుకుంది. ఇక చట్టం రాక తప్పదని దేశమంతా అనుకున్నది. తనిఖీలను విస్తరించే బిల్లుకు నాలుగు నెలల తరువాత సెనెట్‌లో 54 మంది అనుకూలంగా, 46 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. 60 ఓట్లు కావాలన్న నియమం వల్ల ఆధిక్యం ఉన్నా ఓడిపోయింది. అన్ని అమ్మకాలకూ తనిఖీ ఉండాలన్న మాటకు సర్వేల్లో అమెరికన్లు నూటికి 85 మందికి తక్కువ కాకుండా ఒప్పుకుంటున్న రోజులవి. ప్రజలు కోరింది చట్టం కాకపోవడానికి ఒక కారణం సెనెట్ నిర్మాణమే. దాదాపు నాలుగు కోట్ల జనాభా గల కాలిఫోర్నియాకు ఇద్దరు సభ్యులు, ఆరు లక్షల లోపు జనాభా గల వయోమింగుకు కూడా ఇద్దరే.

మంచివాడి చేతిలోని తుపాకే చెడ్డవాణ్ని ఆపగలదన్నది రైఫిల్ సంఘం ఆ రోజుల్లో ఇచ్చిన జవాబు. 2022 మే 24న టెక్సాస్‌లోని యువాల్డేలో ఆ మాటకు పరీక్ష జరిగింది. పాఠశాల లోపల హంతకుడు ఉండగా తుపాకులు ధరించిన వందలాది పోలీసులు అక్కడికి చేరుకున్నారు. గది తలుపు తీయడానికి వారికి గంటంబావుకు పైగా పట్టింది. 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు మరణించారు. మంచివాళ్లకు తుపాకుల కొరత లేదు అక్కడ. అయినా తుపాకి వాదులు అదే సంఘటన నుంచి వేరే పాఠం తీశారు, పోలీసులను నమ్ముకుంటే ఇంతేనని. ఈ చర్చ ఎందుకు తెగదో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది. ఒకే శవపేటికను చూసి రెండు పక్షాలూ తమ మాటే నిజమైందనుకుంటాయి.

ఆ సంవత్సరం జూను నెల మరీ చిత్రమైనది. 23వ తేదీన సుప్రీంకోర్టు న్యూయార్క్ రాష్ట్రంలో వందేళ్లకు పైబడి అమల్లో ఉన్న ఆంక్షను కొట్టివేసి, ఇంటి బయట తుపాకి వెంట ఉంచుకోవడమూ హక్కేనన్నది. 25వ తేదీన అధ్యక్షుడు బైడెన్, దాదాపు 30 ఏళ్లలో తొలి ముఖ్యమైన నియంత్రణ చట్టంపై సంతకం చేశాడు. 21 ఏళ్లలోపు కొనుగోలుదారుల పూర్వాపరాలను మరింత లోతుగా చూడాలన్నది అందులోని ఒక అంశం. ఒక చేతితో తాళం తీస్తూ మరో చేతితో గడియ పెట్టినట్టుగా ఉంది. ఇప్పుడు సగానికి పైగా రాష్ట్రాల్లో ఏ అనుమతీ లేకుండానే తుపాకిని దుస్తుల మాటున దాచి తిరగవచ్చు. తెలుగువారు వేలాదిగా నివసించే టెక్సాస్ వాటిలో ఒకటి. 2023 మే నెలలో అక్కడి ఆలెన్ పట్టణంలోని దుకాణ సముదాయంలో ఒకడు ఎనిమిదిమందిని చంపినప్పుడు, వారిలో తెలంగాణకు చెందిన యువ ఇంజనీరు కూడా ఉంది.

ఇతర దేశాల్లో ఇలా జరగలేదు. 2019 మార్చి 15న, శుక్రవారం, న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో రెండు మస్జిదుల్లో నమాజుకు వచ్చిన 51 మందిని ఒక శ్వేతజాతి దురహంకారి బలిగొన్నాడు. హైదరాబాదు నుంచి వెళ్లినవారు కూడా వారిలో ఉన్నారు. ఆ రోజు మన ఊళ్లలో ఫోన్లు మోగిన తీరు చాలామందికి గుర్తుండే ఉంటుంది. హంతకుడు తుపాకులు లైసెన్సు మీదే కొన్నాడు. ఆరు రోజుల్లో ప్రధాని జసిండా ఆర్డెర్న్ ఆ రకం తుపాకుల నిషేధం ప్రకటించారు. నెల తిరక్కముందే, ఏప్రిల్ 10న, పార్లమెంటులో 119 మంది అనుకూలంగా, ఒకే ఒక్కరు వ్యతిరేకంగా ఓటు వేశారు. ప్రజల దగ్గర నుంచి 50 వేలకు పైగా తుపాకులను ప్రభుత్వం డబ్బు చెల్లించి వెనక్కి తీసుకుంది. 1996లో పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది హత్యకు గురయ్యాక ఆస్ట్రేలియా కూడా ఇదే పని చేసింది, అక్కడ వెనక్కి వచ్చినవి ఆరు లక్షలకు పైగా. ఆ దేశాల్లో తుపాకి రాజ్యాంగ హక్కు కాదు. అమెరికాలో 39 కోట్ల తుపాకులను వెనక్కి తీసుకోవాలని గట్టిగా అడిగే పెద్ద పార్టీ ఏదీ లేదు. ఆ దారి అక్కడ మూసుకుపోయిందనే నా అభిప్రాయం.

మిగిలింది ఇంటి దారి. తాళం, తల్లిదండ్రుల బాధ్యత, అడగడం.

బాణాలు పట్టుకొని మస్జిదులో గాని బజారులో గాని నడిచేవాడు వాటి మొనలను చేత్తో పట్టుకోవాలని దైవప్రవక్త (స) ఆదేశించారని, ఒర లేని కత్తిని చేతికి అందించడాన్ని వారించారని హదీసుల్లో చదువుతాం. ఆయుధం అవసరమైన సమాజం అది. అయినా ఎదుటివాడికి పొరపాటున కూడా గీత పడకుండా చూసే బాధ్యత ఆయుధం పట్టినవాడిదేనన్నారు. అమెరికాలో తాళం కోసం జరుగుతున్న పోరాటం దగ్గరికి వచ్చేసరికి ఈ మాటలు చాలా దగ్గరగా వినిపిస్తాయి. గుండ్లు నింపి, తాళం వేయని తుపాకి ఉన్న ఇళ్లలో ఆ దేశపు పిల్లలు 46 లక్షలమంది పెరుగుతున్నారని ఒక అంచనా. పాఠశాలలపై దాడిచేసిన బాలుర్లో తుపాకి వాడినవారిని పరిశీలించిన ప్రభుత్వ అధ్యయనం, నాలుగింట మూడు వంతుల మందికి ఆ ఆయుధం సొంత ఇంట్లోనో దగ్గరి బంధువుల ఇంట్లోనో దొరికిందని తేల్చింది. 2023 జనవరిలో వర్జీనియాలో ఆరేళ్ల బాలుడు ఇంటి నుంచి తెచ్చిన తల్లి తుపాకితో తరగతి గదిలో ఉపాధ్యాయినిని కాల్చాడు. ఆమె బతికింది, తల్లి జైలుకు వెళ్లింది. తల్లిదండ్రులను బాధ్యులను చేస్తూ మిషిగన్ రాష్ట్రం తెచ్చిన చట్టం 2024 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. పిల్లలున్న ఇంట్లో తుపాకిని తాళం వేసి ఉంచడం ఇప్పుడు అక్కడ తప్పనిసరి. ఇరవైకి పైగా రాష్ట్రాల్లో మరో ఏర్పాటు ఉంది. మనిషి తనకు గాని ఇతరులకు గాని హాని తలపెట్టేలా ఉన్నాడని పోలీసులు, చాలాచోట్ల కుటుంబసభ్యులు కూడా, న్యాయమూర్తికి విన్నవించి అతని తుపాకులను కొంతకాలం తీసివేయించవచ్చు. కొడుకు గురించి తల్లి న్యాయస్థానం మెట్లెక్కడం తేలికైన పని కాదు. అయినా శాండీ హుక్ తల్లి కథ తెలిసినవారు ఆ మెట్లు ఎందుకున్నాయో గ్రహిస్తారు.

అమెరికా వెళ్లే మన పిల్లల విషయం కూడా ఇందులో ఉంది. దుకాణాల్లో, పెట్రోలు బంకుల్లో పనిచేస్తూ దొంగల కాల్పులకు గురైన తెలుగు విద్యార్థుల వార్తలు మనకు కొత్త కాదు. ఆ భయంతోనో, అక్కడి అలవాటును చూసో, స్వయంగా తుపాకి కొనుక్కునే యువకులూ ఉన్నారు. 2024 నవంబరులో తెలంగాణకు చెందిన విద్యార్థి ఒకడు తన పుట్టినరోజు నాడు, స్నేహితులు పక్క గదిలో ఉండగా, కొత్త తుపాకిని శుభ్రం చేస్తుంటే అది పేలి మరణించాడు. పంపేటప్పుడు వేడి దుస్తులు, పచ్చళ్లు, మందులు సర్ది ఇస్తాం. తుపాకి గురించి ఒక మాట చెప్పడం మనకు తోచదు, మన ఇళ్లలో ఆ వస్తువే లేదు కనుక.

అక్కడి పిల్లల వైద్యులు తల్లిదండ్రులకు చాలాకాలంగా ఒక సలహా ఇస్తున్నారు. బిడ్డను ఆడుకోవడానికి స్నేహితుడి ఇంటికి పంపేముందు ఆ ఇంటివారిని అడగండి, మీ ఇంట్లో తాళం వేయని తుపాకి ఉందా అని. కుక్క ఉందా, ఈతకొలను ఉందా అని అడిగినట్టే. కొత్తగా వెళ్లిన మన ఇల్లాలికి ఈ ప్రశ్న నోట పెగలదు. మర్యాద కాదేమో, కోప్పడతారేమో అనిపిస్తుంది. అనిపించడం వింత కాదు. ఫ్లోరిడా రాష్ట్రం 2011లో, వైద్యులు రోగులను తుపాకి గురించి అడగరాదని ఏకంగా చట్టమే చేసింది. చిన్నపిల్లల డాక్టర్లు న్యాయస్థానానికి వెళ్లారు. ఆరేళ్లు పట్టింది. 2017 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. ఇప్పుడు అక్కడి డాక్టరు తల్లిని అడగవచ్చు. తల్లి పొరుగింటి తల్లిని అడగడానికి మాత్రం ఏ చట్టమూ ఏనాడూ అడ్డు లేదు.